పైన కొంచెం చోటు

దామలచెరువు మామిడి మండీలో
ఎనిమిదో నంబరు కాటా దగ్గర నా పని.
వచ్చే ప్రతి లారీకీ రెండు ఫోటోలు:
నిండుగా ఒకటి, దించినాక ఖాళీగా ఒకటి.
"రేపు రైతు తగాదాకొస్తే సాక్ష్యం ఉండాల" అని
షావుకారు సబ్బుపెట్టెంత కెమెరా ఒకటి
సుతిలి తాడుతో నా మెడకేసినాడు.

పన్నెండు గంటల ఎండ.
కెమెరా వీపు మీది తెర నిండా అదే.
లారీ ఉండాది, తెరలో లేదు.
ఆరు టన్నుల తోతాపురి ఉండాది, తెరలో లేదు.
ఉన్నదల్లా నా ముక్కుపుడక,
దాని చుట్టూ చెమటలు కారే నేను.
కొంగు కప్పి చూసినా, అరచెయ్యి అడ్డం పెట్టినా
బూడిదరంగు నీడలు రెండు కదిలేవి,
ఏది టైరో, ఏది మనిషో.
అందాజుగా నొక్కేదాన్ని.
పొద్దు గూకేసరికి పదకొండు లారీల్లో
నాలుగింటికి నంబరే లేదు.

రసీదులు రాసే చెంగల్రాయుడు
ఒకప్పుడు చిత్తూర్లో స్టూడియో నడిపినాయన.
ఇప్పుడు చేతిలో కార్బన్ కాయితం, చెవి మీద పెన్సిలు.
"ఆ బొక్క ఎందుకుందనుకున్నావు, మొగిలమ్మా?"
లెన్సుకి పైన, గోరంత గాజు కిటికీ.
వారం నించీ నేను దాన్ని
ఊడిపోయిన స్క్రూ గుంత అనుకుంటా ఉండా.
పంచె కొసతో తుడిచి ఇచ్చినాడు.

ఒక కన్ను మూసినా.
రెండో కంటికి, చీకటి గొట్టం చివర,
లోకం చిన్నదై, కడిగి పెట్టినట్టు నిలబడి ఉండాది.
ఎండ లోపలికి రాలా.
లారీ మొగానికి వేలాడే నిమ్మకాయలు,
ఏపీ సున్నా మూడు,
కాయ మీద వెల్లకిలా నిద్రపోతున్న క్లీనరు పిల్లోడు.
సగం నొక్కి, పచ్చ చుక్క వెలిగేదాకా
ఊపిరి బిగబట్టి,
చిటుక్.

ఏం పడిందో మాత్రం
నీడకి పోయేదాకా తెలీదు.

సాయంత్రం షెడ్డులో తెర చూస్తే
నేను చూసినదానికన్నా జాస్తి పడి ఉండాది.
అంచుల నిండా పిలవని చుట్టాలు:
టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి,
ఆవు తోక,
ఖాళీ లారీ వెనక చక్రాల పక్కన
కాటా పలక మీద నిలబడిన షావుకారి బామ్మర్ది.
బొక్కలోంచి చూసినప్పుడు ఆయన లేడు.
బటన్ నొక్కి నొక్కి పెద్దది చేసినా.
చుక్కలు చుక్కలుగా విడిపోయినాడు గానీ
కాళ్ళు మాత్రం పలక మీదనే.
ఇంకో లారీ. మళ్ళా ఆయనే.
మూడో లారీ.
నిండు లారీ దగ్గర ఒక్క దాంట్లో లేడు.
ఖాళీ లారీ ఎనభై కిలోలు బరువెక్కితే
ఎనభై కిలోల కాయ ఎవరింటి నించి పోతాదో
నేను ఏడో తరగతి లెక్కల్లోనే నేర్చుకున్నా.

చెంగల్రాయుడికి చూపించినా.
చెవి మీది పెన్సిలు తీసినాడు, మళ్ళా పెట్టుకున్నాడు.
"మా కాలంలో రీలు కడిగేదాకా ఏ పాపమూ కనబడేది కాదు" అన్నాడు.
కాసేపాగి,
"దూరానిదైతే బొక్క చూపినదానికన్నా ఎక్కువే పడతాది.
దగ్గరోళ్ళని తీస్తేనే తల తెగేది.
పైన కొంచెం చోటు వదలాల" అన్నాడు,
పాఠం చెప్తున్నట్టు, నా మొగం చూడకుండా.

నా వేలు తగిలి తెర అడిగింది: చెరపాలా?
అవును, కాదు.
జవాబియ్యలా. బ్యాటరీ మిగలాలని
దాన్నే ఆర్పేసినా.

మర్నాడు పొద్దున్నే, మొదటి లారీ రాకముందు,
ఆయన్ని రెండడుగుల దూరం నించి తీసినా.
చెప్పినట్టే పైన చోటు వదిలినా.
తల తెగలా. రేకుల కింద వేలాడే బల్బూ పడింది,
రసీదు పుస్తకమూ పడింది.
కండ్లు మాత్రం నా వైపు లేవు.
కాటా వైపు ఉండాయి.